చలివేంద్రం వాళ్ళకి ఏం మిగులుతుంది?

పిల్లలూ,

మొన్న మా మనవరాలు ఫోన్ చేసింది. బస్టాండు ఎదురుగా చలివేంద్రంలో మజ్జిగ తాగి డబ్బులివ్వబోతే వద్దన్నారట. "తాతయ్యా, ఊరికే పోస్తే వాళ్ళకేం మిగులుతుంది?" అంది. నాలుగో తరగతి పిల్ల అడగాల్సిన ప్రశ్నే, పెద్దవాళ్ళమే అడగడం మానేశాం. ఫోన్‌లో తేలే విషయం కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను, మీరందరూ చదువుకోండి.

ముందు ఆ చలివేంద్రం సంగతి. ఉగాది అటూ ఇటూగా పందిళ్ళు లేస్తాయి. నాలుగు సరుగుడు కర్రలు, పైన తాటాకో కొబ్బరాకో, కింద ఇసుక, ఇసుక మీద కొత్త కుండలు, కుండల చుట్టూ తడి గోనెపట్టా. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీ సైన్సు టీచర్ని అడగండి, నేను చెప్పను. మొదటిరోజు ఫ్లెక్సీ కడతారు, ఊరి పెద్దాయన ఎవరో వచ్చి రిబ్బను కత్తిరిస్తారు, మొదటి గ్లాసు ఆయన తాగుతుంటే ఫోటోలు తీస్తారు. అందులో తప్పేం లేదు, ఫోటో కోసమైనా కుండ పెట్టారు కదా. అసలు పని పదిహేను రోజుల తర్వాత మొదలవుతుంది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. అప్పుడు ఆ కుండలో నీళ్ళున్నాయా? ఉంటే ఎవరు పోశారు?

లెక్క మీరే వేయండి. ఇరవై లీటర్ల క్యాను చిన్న గ్లాసుతో వంద మందికి వస్తుంది. బస్టాండు దగ్గర వందమంది ఎంతసేపు, రెండు బస్సులు ఆగితే సరి. మళ్ళీ ఎవరో ఒకరు బండి మీద క్యాను పెట్టుకుని వెళ్ళాలి. కుండ అడుగున పాచి పట్టకుండా రోజూ కడగాలి. గ్లాసుకి కట్టిన గొలుసు తెగితే మళ్ళీ కట్టాలి. మజ్జిగైతే ఇంకా చాకిరీ. రాత్రే పాలు తోడు పెట్టి, పొద్దున్నే చిలికి, అల్లం పచ్చిమిర్చి దంచి, కరివేపాకు తుంచి వేసి, ఉప్పు సరిచూసి పదిగంటలకల్లా పందిట్లో పెట్టాలి. మధ్యాహ్నం దాటితే పులిసి నోట పెట్టలేం. ఈ చాకిరీ చేసేది ఎవరా అని చూస్తే ఫ్లెక్సీ మీద మొహాలు కావు. ఎదురుగా పంక్చర్లు వేసే ఆయన, ఆటోస్టాండు కుర్రాళ్ళు, రిటైరైన పంతులుగారు ఒకరు. అందుకే నేను ఏ సంఘం గొప్పతనాన్నీ ప్రారంభోత్సవం చూసి నమ్మను.

మా చిన్నప్పుడు ఫ్లెక్సీలు లేవు. మా ఊరు తెనాలి దగ్గర. కాలవగట్టు మీద రావిచెట్టు కింద ఒక పెద్దావిడ కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి నీళ్ళు పోసేది. అందరం మామ్మా అనేవాళ్ళం. బావి నుంచి నీళ్ళు మోసే పని మా పిల్లకాయలది, కూలి చిన్న బెల్లం ముక్క. ఎవరు ఎన్ని బిందెలు మోశారో చెట్టు పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేవాళ్ళం, ఆ గీతల దగ్గర రోజూ తగువే. మామ్మ వచ్చి అన్నీ తడిగుడ్డతో తుడిచేసి అందరికీ సమానంగా పంచేది, ఎక్కువ మోసినవాడు ఏడ్చేవాడు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. మామ్మ దగ్గర నీళ్ళు పోయడం రెండు రకాలుగా ఉండేది. కొందరి చేతికి చెంబు ఇచ్చేది. కొందరికి మాత్రం దూరంగా ఉండి వెదురుగొట్టంలోంచి వాళ్ళ దోసిట్లోకి పోసేది. కులం చూసి. అదే కుండ, అవే నీళ్ళు. మామ్మ మంచిది కాదా అంటే మంచిదే, వడగాడ్పులో పొద్దుగూకేదాకా కూర్చునేది. కానీ ఆ గొట్టం కూడా ఆవిడ చేతిలోనే ఉండేది. కాబట్టి ఎవరైనా సాయం చేస్తుంటే ఏం ఇస్తున్నారన్నదే కాదు, ఎలా ఇస్తున్నారో కూడా చూడండి. ఇప్పుడు గొట్టం పోయింది, సెల్‌ఫోన్ వచ్చింది. ముసలాయన మొహం ఫోటోలో సరిగ్గా పడేదాకా ఆయన చేతిలో పెట్టిన దుప్పటి వదలనివాళ్ళని నేను చూశాను.

సరే, మనవరాలి ప్రశ్న దగ్గరికి వద్దాం. మీ వంటింట్లో పోపులపెట్టె ఉంటుంది, చూసే ఉంటారు. అన్నం, పప్పు పెద్ద గిన్నెల్లో ఉడుకుతాయి. బళ్ళు, ఆసుపత్రులు, రేషను బియ్యం, పింఛన్లు ఆ పెద్ద గిన్నెలు. అవి ప్రభుత్వమే వండాలి, మన పన్నులతో. ఏ చిన్న సంఘమూ అంత వండలేదు, వండుతామని ఎవరైనా అంటే నమ్మొద్దు. కానీ పోపు లేని పప్పు తిని చూడండి! పోపులపెట్టెలో ఒక్కో అరలో గుప్పెడే ఉంటుంది. ఆవాలతో కడుపు నిండదు. అలాగని అర ఖాళీ అయితే అమ్మ వెంటనే కనిపెడుతుంది. మన ఊళ్ళలో చిన్న సంఘాలన్నీ ఆ అరలే. ఈ పోలిక ఎంతదూరం వస్తుందో నాకూ తెలీదు, వచ్చినంతవరకు లాక్కెళతాను.

చలివేంద్రం ఆవాలు. నూనెలో పడగానే చిటపటమంటాయి, ఇంట్లో అందరికీ వినబడతాయి. అన్నదానం మినప్పప్పు, పంటికి తగులుతుంది. కోనసీమలో లంకల గన్నవరం అనే ఊరుంది, అక్కడ డొక్కా సీతమ్మగారని ఒకావిడ 1841 నుంచి 1909 దాకా బతికారు. గోదావరి దాటి వచ్చే బాటసారులు వేళకాని వేళ ఆకలితో వాళ్ళింటి తలుపు తట్టేవారు, ఆవిడ పొయ్యి వెలిగించేవారు. అప్పటికి సంఘం లేదు, రసీదు పుస్తకం లేదు, ఒక ఇల్లూ ఒక ఇల్లాలూ. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మీరు బళ్ళో తినే మధ్యాహ్న భోజనానికి 2024 నుంచి ఆవిడ పేరే పెట్టారు. గుప్పెడు మినప్పప్పు పేరు పెద్ద గిన్నెకి పెట్టినట్టన్నమాట.

జీలకర్ర గ్రంథాలయాలు. తిన్నది అరిగించేది అదే. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో కొందరు యువకులు యువజన సంఘం పెట్టుకుని, ఉన్న కాసిని పుస్తకాలూ పోగేసి చదువుకోవడం మొదలుపెట్టారు. అదే సారస్వత నికేతనం. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. కానీ నేనైతే కర్ర కంటే ఆ పాత పత్రికల బీరువాలు చూడమంటాను. వందేళ్ళ నాటి తెలుగు పత్రికలు వెతుక్కుంటూ పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఆ చిన్న ఊరికి వస్తారు. ఎవరో ఒకరు రోజూ వాటి దుమ్ము దులిపితేనే కదా అవి మిగిలింది! ఇంకో తమాషా చెప్తాను. మా వైపే, గుంటూరు జిల్లా పెదపాలెంలో 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో పడవలో గ్రంథాలయం నడిచింది. కాలవలో పడవలో ప్రయాణం చేసేవాళ్ళకి బోలెడంత తీరిక, అందుకని పుస్తకాలు పడవెక్కాయి. నేను పుట్టేసరికి ఆ పడవ లేదు, లేకపోతే బెల్లం ముక్కలు మానేసి దాంట్లోనే పడి ఉండేవాణ్ణి.

రక్తదానం వాళ్ళకి ఏ అర ఇవ్వాలో తోచలేదు, ఎండుమిర్చి వేరేవాళ్ళకి అట్టేపెట్టాను. మీకు వేసవి సెలవులంటే సంబరం, రక్తనిధి వాళ్ళకి మాత్రం టెన్షన్. శిబిరాలు ఎక్కువగా కాలేజీల్లో జరుగుతాయి, కాలేజీలు మూస్తే ఇచ్చేవాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోతారు. కానీ తలసీమియా ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్ళ ఒంట్లో అది సరిగ్గా తయారవదు. ఆ జబ్బుకి వేసవి సెలవులు లేవు. దాచిపెట్టుకుందామంటే ప్లేట్‌లెట్లు ఐదురోజులే నిలవ ఉంటాయి. మా వీధి మెడికల్ షాపు కుర్రాడి దగ్గర చిరిగిన లాంగ్ నోట్‌బుక్ ఒకటుంది. పేరు, గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ. మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగి మళ్ళీ ఇవ్వొచ్చు కాబట్టి ఆ తేదీ వరసే దానికి ప్రాణం. అర్ధరాత్రి ఫోనొస్తే ఆ పుస్తకం తిరగేసి ఎవర్నో ఒకర్ని నిద్రలేపుతాడు. మీకు పద్దెనిమిది నిండాక, నలభై అయిదు కిలోలు దాటాక ఆ పుస్తకంలో మీ పేరూ ఎక్కించుకోండి, ఇప్పుడే తొందరలేదు.

మెంతులు చేదు. కళ్ళు దానం చేయమని అడిగేవాళ్ళు ఆ అర. ఎప్పుడు అడగాలో ఆలోచించండి. ఇంట్లో మనిషి పోయి అందరూ ఏడుస్తున్నప్పుడు, ఆ గుమ్మంలో నిలబడి అడగాలి. తర్వాత అడుగుదామంటే కుదరదు, ఆరుగంటల్లోపు తీయాలి. తిట్టినవాళ్ళున్నారు, కొట్టబోయినవాళ్ళున్నారు. ఒప్పుకుంటే వెంటనే ఫ్యాను ఆపమంటారు, కళ్ళు మూసి పైన తడిదూది పెట్టమంటారు, తలకింద దిండు పెట్టి ఎత్తు చేయమంటారు. మనుషులొచ్చి పావుగంట, ఇరవై నిమిషాల్లో పని ముగించి వెళతారు, మొహం వికారంగా అవదు. పోయినాయనకి ఎనభై ఏళ్ళున్నా ఫరవాలేదు, కళ్ళజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఫరవాలేదు. రక్తం గ్రూపు కలవక్కర్లేదు. పలచని పారదర్శకమైన పొర ఒకటి, దాన్ని కార్నియా అంటారు, ఈ కంటి మీద నుంచి ఇంకో కంటి మీదికి వెళుతుంది, వెళ్ళి అక్కడ చూపునిస్తుంది. ఎలా అంటారా? డాక్టర్లు చెప్పగలరు. నేను మా పెదనాన్నగారి కళ్ళు ఇచ్చినరోజు నుంచీ ఆశ్చర్యపోతూనే ఉన్నాను, ఎదురుపడ్డ కొత్తవాళ్ళ కళ్ళలోకి ఒక్క క్షణం ఎక్కువ చూడ్డం అలవాటైపోయింది.

ఇంగువ గురించి రెండు ముక్కలే. దిక్కులేని శవాలని తీసుకెళ్ళి దహనమో ఖననమో చేసేవాళ్ళు ప్రతి పట్నంలోనూ కొందరుంటారు. డబ్బా మూత తీస్తే అందరూ ముక్కు మూసుకుంటారు, అది లేకుండా మాత్రం కుదరదు.

పోపులపెట్టెకి పురుగు పడుతుందని కూడా చెప్పాలి. ఏడుగురు కలిస్తే చాలు, మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 చట్టం కింద సంఘం రిజిస్టరు చేయించుకోవచ్చు. అంత తేలిక కాబట్టే మంచివాళ్ళూ పెడతారు, మాయగాళ్ళూ పెడతారు. అధ్యక్షుడు ఎవరన్న దగ్గర తగువొచ్చి ఒక సంఘం రెండవడం కూడా ఎంతసేపో పట్టదు, రెండిట్లోనూ కుండలు ఎండుతాయి. పప్పులు ఎండలో పోస్తే పురుగు పోతుంది, డబ్బు విషయంలో ఆ ఎండ లెక్కల పుస్తకం. రసీదు ఇస్తున్నారా, ఏటా జమాఖర్చులు అందరిముందూ చదువుతున్నారా అని అడగండి. పిల్లలు అడిగితే కోప్పడరు, నవ్వి చెబుతారు. చెప్పకపోతే అదీ ఒక జవాబే. ఫోన్‌లో చంటిపాప ఫోటో, కింద స్కాన్ చేయమని గళ్ళబొమ్మ వచ్చిందనుకోండి, మీ కిడ్డీబ్యాంకు పగలగొట్టకండి. ఏ ఆసుపత్రో అమ్మానాన్నలతో ఫోన్ చేయించి కనుక్కోండి.

ఇంతకీ వాళ్ళకేం మిగులుతుంది? నిజం చెప్పాలంటే కొందరికి పేరు, కొందరికి పుణ్యం, కొందరికి పొద్దుపోవడం. కొందరికి, ఎప్పుడో తమకి ఎవరో చేసిన సాయం బాకీ తీరడం. ఎవరు ఎందుకు చేస్తున్నారని మరీ గుచ్చిగుచ్చి చూడకు తల్లీ, నీకు మజ్జిగ చల్లగానే ఉంది కదా.

ఎండుమిర్చి మిగిలిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిపూట చదువుకోవడానికి కూడేవాళ్ళు. అక్షరాలు నేర్చుకుంటూనే మొగుళ్ళ కూలిడబ్బులు ఎక్కడికి పోతున్నాయో మాట్లాడుకున్నారు, రోశమ్మగారు ముందు నడవగా ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ ఘాటు జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా. 1993 అక్టోబరు ఒకటి నుంచి సారా నిషేధించక తప్పలేదు. సారాకి పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని ఆ జిల్లా ఆడవాళ్ళు పొదుపు సంఘాలు కట్టారు. ఇప్పుడు తెలుగు ఊళ్ళలో అలాంటి సంఘం లేని వీధి ఉండదు. వీళ్ళది దానం కాదు, ఒకరి డబ్బు ఒకరికి అప్పుగా ఇచ్చుకోవడం. నాకు అన్ని అరల్లోకీ ఇదే ఎక్కువ ఇష్టం, ఇందులో ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుంటారు.

అందుకని ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ అమ్మమ్మో నాయనమ్మో పొదుపు సంఘంలో ఉండే ఉంటుంది. మీటింగు రోజు వెంట వెళ్ళి, ఆ తీర్మానాల పుస్తకం ఒకసారి అడిగి చూడండి. పదిమంది సంతకాలుంటాయి, కొన్ని వంకరటింకరగా, ఒకటో రెండో వేలిముద్రలు. ఎవరికి ఎంత అప్పిచ్చారు, దేనికి, గేదెకా, కాలేజీ ఫీజుకా, ఆపరేషన్‌కా, అన్నీ రాసి ఉంటాయి. చివర్లో జరిమానా అని ఒక వరస ఉంటుంది, మీటింగుకి రానివాళ్ళకి వేస్తారు. అందులో మీ అమ్మమ్మ పేరు ఎన్నిసార్లుందో లెక్కపెట్టి, ఎందుకు రాలేదో అడగండి. ఆవిడ చెప్పకపోతే పక్కన కూర్చున్నావిడ చెబుతుంది.

మీ
తాతయ్య