సూపర్‌పెసిస్: క్రికెట్ కళ్లతో చూస్తే వచ్చే అపోహలు

ఫిన్లాండ్‌లోని టాంపెరేలో శని, ఆదివారాలు పిల్లల జట్టుకి పెసాపల్లో, అంటే ఫిన్నిష్ బేస్‌బాల్, నేర్పుతుంటాను. మనవాళ్లని ఆ ఆట టాప్ లీగ్ అయిన సూపర్‌పెసిస్ మ్యాచ్‌కి తీసుకెళ్లినప్పుడల్లా ఇవే మాటలు.

అపోహ: ఇది అమెరికా బేస్‌బాలే కదా!

వాస్తవం: లౌరి పిహ్కల 1920ల్లో ఆ ఆట నుంచే దీన్ని తయారుచేశాడు, నిజమే. కానీ ఇక్కడ బంతి వేసే లుక్కరి దూరం నుంచి విసరడు. బ్యాటర్ ఎదురుగా, చేయి చాపితే అందేంత దగ్గర నిలబడి నిట్టనిలువుగా పైకి వేస్తాడు. తన తల మీద కనీసం మీటరు ఎత్తు లేవాలి. కొట్టకుండా వదిలేస్తే 60 సెంటీమీటర్ల ప్లేటు మీదే పడాలి. బంతిని తగిలించడం మా పదేళ్ల పిల్లలకీ వచ్చు. ఎక్కడికి పంపాలన్నదే తలనొప్పి.

అపోహ: గీత దాటిస్తే సిక్సర్.

వాస్తవం: గాల్లోనే వెనక గీత దాటితే ఫౌల్. ఒకసారి మా ఫ్రెండ్ అలాంటి షాట్‌కి లేచి విజిలేశాడు. పక్కన అదే జట్టు అభిమానులు తల పట్టుకుని కూర్చున్నారు!

అపోహ: క్యాచ్ పడితే అవుట్.

వాస్తవం: కాదు, 'గాయం'. ఫిన్నిష్‌లో హావా. బ్యాటర్, ఆ దెబ్బకి పరిగెత్తుతున్న రన్నర్లు మైదానం వదలాలి, కానీ ఇన్నింగ్స్‌ని ముగించే మూడు అవుట్లలో అది లెక్కకి రాదు. అయినా ముందుకెళ్లిన రన్నర్లందరూ ఒక్క క్యాచ్‌తో పోతారు కాబట్టి అసలు నష్టం అదే. అందుకే మంచి బ్యాటర్లు బంతిని నేలకేసి కొట్టి, ఫీల్డర్ నెత్తి మీదుగా ఎగిరేలా చేస్తారు.

అపోహ: రంగుల విసనకర్ర ఊపే ఆయన చీర్‌లీడర్.

వాస్తవం: ఆయనే మేనేజర్. ఎవరు పరిగెత్తాలి, ఎక్కడ కొట్టాలి, అన్నీ ఆ రంగుల్లోనే చెబుతాడు. అవతలి జట్టూ చూస్తుంటుంది కాబట్టి దొంగ సైగలు కూడా కలుపుతాడు.

అపోహ: పెద్ద నగరాలదే రాజ్యం.

వాస్తవం: సుమారు మూడు వేల జనాభా ఉన్న విమ్పెలి అనే ఊరి జట్టు 2016, 2017లో వరసగా ఛాంపియన్.

అపోహ: మొదటి సగంలో 10-0 అయితే ఇంటికెళ్లిపోవచ్చు.

వాస్తవం: ఆ పరుగులు రెండో సగానికి రావు. టెన్నిస్ సెట్లలాగా మళ్లీ సున్నా నుంచి మొదలు. రెండోది 0-1తో ఓడినా స్కోరు 1-1 సమం, ఆ తర్వాత విజేతని తేల్చే సూపర్ ఇన్నింగ్స్. పార్కింగ్ రద్దీ తప్పించుకుందామని ముందే లేచిన నేను, కారులో రేడియోలో విన్నాను ఆ ముగింపుని.