తుపాకుల లెక్క: 1996లో చీలిన దారులు

తుపాకులు పెరిగితే హత్యలు పెరుగుతాయా అన్న వాదనలో ఒకరు జపాన్‌ను చూపిస్తే ఇంకొకరు స్విట్జర్లాండ్‌ను చూపిస్తారు. ఇద్దరివీ నిజమైన అంకెలే. చిక్కంతా అక్కడే. జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2017 నాటి అంచనా ప్రకారం ప్రతి వంద మంది పౌరులకు అమెరికాలో 120 తుపాకులున్నాయి. స్విట్జర్లాండ్‌లో 28కి కాస్త తక్కువ, హోండురస్‌లో 14, జపాన్‌లో ఒకటి కూడా లేదు. హత్యల వరుస వేరు. తుపాకుల్లో స్విట్జర్లాండ్‌కు సగమే ఉన్న హోండురస్, హత్యల రేటులో దాన్ని పదుల రెట్లు మించింది. ముఠాలు, కొకైన్ రవాణా, శిక్ష పడదన్న ధీమా అక్కడ తుపాకీకి తోడయ్యాయి.

స్విట్జర్లాండ్‌ను ఉదాహరణగా ఎత్తేవారు ఒక రేకు డబ్బాను మరచిపోతుంటారు. అక్కడి పౌర సైనికులు రైఫిల్‌తో పాటు సీలు వేసిన డబ్బాలో 50 తూటాలు ఇంట్లో ఉంచుకునేవారు. సీలు చెక్కుచెదరలేదని తనిఖీలో చూపించాలి. 2007లో ఆ డబ్బాలనూ వెనక్కి తీసుకోవాలని నిర్ణయించారు. ఇక రైఫిల్ ఇంట్లో, తూటాలు ఆయుధాగారంలో.

నేటి వాదనకు అసలు మలుపు 1996. మార్చి 13న స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో 16 మంది పిల్లలు, వారి ఉపాధ్యాయురాలు బలయ్యారు. హంతకుడి తుపాకులకు లైసెన్సులున్నాయి! మరుసటి ఏడాది బ్రిటన్ చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించింది. ఏప్రిల్ 28న ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయారు. ప్రధాని జాన్ హోవార్డ్ గద్దెనెక్కి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. సేల్ అనే ఊరిలో, తుపాకులపై ఆంక్షలు పెడతామన్నందుకు మండిపడుతున్న తుపాకీ యజమానుల ముందుకు ఆయన కోటు కింద బుల్లెట్‌ప్రూఫ్ కవచం తొడుక్కుని వెళ్లారు. అది పైకి కనిపిస్తూనే ఉంది. మాట మాత్రం మార్చలేదు. ప్రభుత్వం సుమారు 6.5 లక్షల తుపాకులను డబ్బిచ్చి తీసుకుని ధ్వంసం చేసింది. హత్యలు అంతకుముందే తగ్గుముఖం పట్టాయి కనుక, తర్వాతి తగ్గుదలలో చట్టం వాటా ఎంతన్న తగవు పరిశోధకుల మధ్య ఇంకా తెగలేదు.

అదే ఏడాది అమెరికా ఎదురు దారి పట్టింది. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ముప్పు ఎక్కువని 1993లో ఒక అధ్యయనం చెప్పడం తుపాకీ సంఘాలకు కంటగింపైంది. తుపాకుల నియంత్రణను ప్రోత్సహించేందుకు ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం నిధులు వాడరాదంటూ అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఒక షరతు పెట్టింది. ఈ పరిశోధనకు అంతకుముందు ఏడాది ఖర్చయినంత మొత్తాన్ని, అంటే 26 లక్షల డాలర్లను, వేరే పనికి మళ్లించింది. పరిశోధన చేయవద్దని ఎక్కడా రాయలేదు, భయం మాత్రం పని చేసింది. నిధులు తిరిగి వచ్చింది 2019 చివర్లోనే.

అక్కడి తుపాకీ మరణాల్లో హింసాత్మక నేరాల పట్టికకు ఎక్కనివే ఎక్కువ. 2021లో అమెరికాలో తుపాకీకి బలైన 48,830 మందిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవారు.