క్లారినెట్ శ్రుతి తప్పితే బ్యారెల్ లాగడం ఒక్కటే మందు కాదు

అమెరికాలో మనవాళ్ళ పిల్లలు ఐదో క్లాసులోనో ఆరో క్లాసులోనో స్కూల్ బ్యాండ్‌లో చేరగానే చాలా ఇళ్ళకి ఒక నల్ల ప్లాస్టిక్ క్లారినెట్ అద్దెకి వస్తుంది, పెట్టెలో ఐదు ముక్కలుగా. నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్, దాని కింద బ్యారెల్ అనే పొట్టి ముక్క, పై గొట్టం, కింది గొట్టం, అడుగున వెడల్పాటి బెల్. బిగించి వాయించడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకి టీచర్ ఒకరోజు "ఫ్లాట్‌గా ఉంది, బ్యారెల్ లోపలికి నొక్కు" అంటారు, ఇంకోరోజు "షార్ప్‌గా ఉంది, కాస్త లాగు" అంటారు (ఫ్లాట్ అంటే శ్రుతి దిగడం, షార్ప్ అంటే ఎక్కడం), పిల్లలు అదొక్కటే పట్టుకుని రోజూ లాగడం నొక్కడం చేస్తుంటారు, శ్రుతి మాత్రం కుదరదు. అసలు ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది: అన్ని నోట్లూ (అంటే స్వరాలు) ఒకేలా తప్పుతున్నాయా, లేక కొన్నే తప్పుతున్నాయా? దాన్ని బట్టి రోగం వేరు, మందు వేరు.

శ్రుతి కొలిచే ట్యూనర్ యాప్ ఫోన్‌లో పెట్టగానే చాలామంది తల్లిదండ్రులు కంగారుపడే విషయం ఒకటుంది. పిల్ల సి వాయించానంటుంది, యాప్ బి ఫ్లాట్ (ఇక్కడిది స్వరం పేరు) అని చూపిస్తుంది. తప్పేం లేదండి, మామూలు క్లారినెట్ బి ఫ్లాట్ వాయిద్యం, కాగితం మీద సి రాసుంటే బయటికి వచ్చేది బి ఫ్లాటే. యాప్ సెట్టింగ్‌లో ఎ అనే స్వరం 440 హెర్ట్జ్ దగ్గర ఉందో లేదో చూసుకుంటే చాలు. ముల్లు పక్కన కనిపించే అంకెలు సెంట్లు, ఒక సెమీటోన్‌ని (పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న మెట్టుని) వంద భాగాలు చేస్తే అందులో ఒకటి. పక్కవాడు 440 దగ్గర, మనమ్మాయి 443 దగ్గర వాయిస్తే తేడా దాదాపు 12 సెంట్లు, అప్పుడు ఇద్దరి శబ్దం కలిసి సెకనుకి మూడుసార్లు పొంగి తగ్గుతూ వినిపిస్తుంది. ఆ అల వినడం నేర్పిస్తే యాప్ కన్నా మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ముల్లు చూస్తూ వాయించే పిల్లలు తెలియకుండానే పెదాలతో ముల్లుని మధ్యకి తెచ్చేస్తారు, అసలు లోపం దాక్కుంటుంది. కళ్ళు మూసుకుని వాయించమని, ముల్లు మనం చూడాలి.

వేడి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎండలో శ్రుతి పెరిగితే గొట్టం వ్యాకోచించింది కాబట్టి అనుకుంటారు చాలామంది, కానీ గొట్టం సాగితే శ్రుతి దిగాలి కదా, పెరగకూడదు. పెరిగేది లోపలి గాలి వల్ల. గాలిలో శబ్ద వేగం 0 డిగ్రీల దగ్గర సెకనుకి 331 మీటర్లు, 20 డిగ్రీల దగ్గర 343, ఒక్కో డిగ్రీకి శ్రుతి సుమారు 3 సెంట్లు పైకి జరుగుతుంది. చలికాలం కార్లో వదిలేసిన క్లారినెట్ తీసి వెంటనే ట్యూన్ చేస్తే అది చల్లగాలికి ట్యూన్ చేసినట్టు, నాలుగు నిమిషాలు ఊదాక ఊపిరి వేడికి మళ్ళీ షార్ప్ అయిపోతుంది. అందుకే ముందు కాసేపు వాయించి, తర్వాతే బ్యారెల్ ముట్టుకోవాలి.

సరే బ్యారెల్ దగ్గరికి వద్దాం. వీణకి బిరడా తిప్పితే ఆ తీగ మీద స్వరాలన్నీ ఒకే నిష్పత్తిలో కదులుతాయి, క్లారినెట్‌లో అలా జరగదు. గొట్టంలో శబ్దం ఎక్కడిదాకా వెళ్తుందంటే, మౌత్‌పీస్ నుంచి లెక్కపెడితే మొదట తెరిచి ఉన్న రంధ్రం దాకా అనుకోండి, సుమారుగా. అన్ని వేళ్ళూ ఎత్తేసి వాయించే ఓపెన్ జికి ఆ పొడవు 25 సెంటీమీటర్ల దగ్గర, అన్నీ మూసి వాయించే అడుగు ఇ కి 58 దాకా. ఇప్పుడు బ్యారెల్ 2 మిల్లీమీటర్లు బయటికి లాగితే రెండిటికీ కలిసేది అదే 2 మిల్లీమీటర్లు, కానీ పొట్టి గొట్టానికి అది పెద్ద మార్పు, పొడుగు గొట్టానికి చిన్నది. లెక్కేస్తే జి దాదాపు 14 సెంట్లు దిగుతుంది, ఇ ఆరే దిగుతుంది. అంటే ఒక నోట్ బాగుచేయబోతే ఇంకోటి పాడైంది. అందుకే ఓపెన్ జిని బ్యారెల్‌తో సరిచేసి, ఎడమచేతి బొటనవేలు, మూడు వేళ్ళు మూసి వాయించే సి ఇంకా షార్ప్‌గా ఉంటే రెండు గొట్టాల మధ్య జాయింట్‌ని కొద్దిగా లాగుతారు, అక్కడ లాగితే పై గొట్టంలోంచి వచ్చే జి లాంటివి కదలవు. లాగేటప్పుడు రెండు గొట్టాలనీ కలిపే చిన్న బ్రిడ్జ్ మీట ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి, అది పక్కకి జరిగితే కొన్ని నోట్లు అసలు పలకవు.

ఇంకో చిక్కు ఈ వాయిద్యం పుట్టుకలోనే ఉంది. న్యూరెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ 1700 ప్రాంతంలో షాలుమో అనే పాత వాయిద్యం నుంచి దీన్ని తయారుచేశాడంటారు. ఒక చివర మూసిన స్తంభాకార గొట్టం కాబట్టి, వెనక రిజిస్టర్ మీట నొక్కితే పౌనఃపున్యం రెట్టింపు కాదు, మూడింతలు అవుతుంది, అంటే స నుంచి పై స కి కాకుండా పై స్థాయి ప కి దూకుతుంది. ఆ మీట తెరిచే చిన్న రంధ్రం ఒక్కో నోట్‌కి ఒక్కోచోట ఉంటే బాగుండేది, కానీ ఉన్నది ఒక్కటే, పైగా గొంతు బి ఫ్లాట్ (మీట దూకుడు లేకుండా పలికే కింది వరుసలో అన్నిటికన్నా పై స్వరం) పలికించే పని కూడా దాని నెత్తినే. దాంతో అడుగున ఇ నోట్ శ్రుతి దిగి ఉండి, దాని మీద దూకిన బి నోట్ శ్రుతి ఎక్కి ఉండటం మామూలే. బెల్ లాగితే బి దిగుతుంది, ఇ ఇంకా దిగజారుతుంది. ఎంత ఖరీదైన క్లారినెట్‌కైనా ఈ రాజీ తప్పదు, పిల్లల వాయిద్యాన్ని మాత్రమే తిట్టడం అన్యాయం.

అన్ని నోట్లూ ఫ్లాట్‌గా ఉంటే మాత్రం నా అనుమానం ముందు నోటి మీదకే పోతుంది. మన పెళ్ళి బ్యాండు మేళంలో క్లారినెట్ ఆయన గమకం ఎలా తీస్తాడో గమనించండి, పెదవి కొంచెం వదులు చేస్తాడు, స్వరం కిందికి జారుతుంది. కిందికి జారడం తేలిక, పైకి ఎక్కించడం కష్టం. అక్కడ అది విద్య, బుగ్గలు పూరించి పెదాలు వదిలేసే పిల్లాడి దగ్గర అదే లోపం. దీనికొక పరీక్ష ఉంది: మౌత్‌పీస్‌కి బ్యారెల్ మాత్రం తగిలించి ఊదితే యాప్‌లో ఎఫ్ షార్ప్ రావాలి, దాదాపు 740 హెర్ట్జ్. బాగా కిందకి వస్తే పట్టు వదులు, లేదా రీడ్ (మౌత్‌పీస్‌కి బిగించే, ఊదితే అదిరే పల్చటి పలక) మరీ మెత్తబడింది. పైకి వస్తే కొరికేస్తున్నారన్నమాట. ఇంకోటి, క్లారినెట్ గట్టిగా ఊదితే ఫ్లాట్ అవుతుంది, మెల్లగా ఊదితే షార్ప్ అవుతుంది, ఫ్లూట్‌కి సరిగ్గా వ్యతిరేకం, అందుకే ఈ ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే గొడవ.

ఒకటి రెండు నోట్లే తప్పితే ఆ నోట్‌కి మొదట తెరుచుకునే రంధ్రం దగ్గర వెతకాలి. రంధ్రాన్ని మూసే మెత్తటి ప్యాడ్ ఎక్కువ ఎత్తు లేస్తే షార్ప్, తక్కువ లేస్తే ఫ్లాట్, గొంతు నొక్కినట్టు మందంగా కూడా ఉంటుంది. మీట కింద చిన్న కార్క్ ముక్క ఊడిపోయినా ఎత్తు మారిపోతుంది. రంధ్రం అంచున మురికి పేరుకుంటే ఫ్లాట్. గొంతు బి ఫ్లాట్ బుసబుసలాడుతుంటే రిజిస్టర్ రంధ్రంలో తుడిచే గుడ్డ నూలుపోగులు ఇరుక్కున్నాయేమో చూడండి, ఎక్కువసార్లు అదే. గాలి కారుతోందా అన్నదానికి పై గొట్టం రంధ్రాలన్నీ వేళ్ళతో మూసి, కింది చివర అరచేత్తో మూసి, పైనుంచి పీల్చాలి, ఆ పట్టు కొన్ని సెకన్లు నిలవాలి.

షార్ప్ నోట్ ఒకటి మొండికేస్తే టేప్ చిట్కా ఉంది: నల్ల ఎలక్ట్రికల్ టేప్‌ని నెలవంకలా కత్తిరించి, రంధ్రం లోపల మౌత్‌పీస్ వైపు అంచుకి అంటించాలి, రంధ్రం చిన్నదై కొంచెం కిందికి జరిగినట్టవుతుంది, నోట్ దిగుతుంది. నచ్చకపోతే పీకేయొచ్చు, అద్దె వాయిద్యానికి ఇదే మంచిది. ఫ్లాట్ నోట్ కోసం రంధ్రం గీకి పెద్దది చెయ్యడం మాత్రం ఇంట్లో వద్దు, గీకింది మళ్ళీ రాదు. రిపేర్ షాపుకి తీసుకెళ్ళేటప్పుడు "శ్రుతి బాలేదు" అనకుండా, వేడెక్కాక ఒక్కో నోట్ ఎన్ని సెంట్లు ఎటు తప్పుతోందో చీటీ మీద రాసి ఇవ్వండి, పిల్లల రీడ్, మౌత్‌పీస్ కూడా వెంట తీసుకెళ్ళండి, షాపతను తన మౌత్‌పీస్‌తో వాయిస్తే అన్నీ సరిగ్గానే పలకొచ్చు.