‘విను’లో చెవి ఎక్కడికి పోయింది? చైనా రెండు లిపుల తగువు

చైనా భాషలో ‘వినడం’ అనే అక్షరాన్ని తైవాన్‌లో రాయాలంటే 22 గీతలు గీయాలి. ఎడమ పక్క చెవి, కుడి పక్క అడుగున హృదయం. అదే అక్షరానికి బీజింగ్‌లో 7 గీతలు చాలు. అందులో చెవీ లేదు, హృదయమూ లేదు. ఎడమ పక్కన నోరు వచ్చి కూర్చుంది. పలకడం మాత్రం రెండు చోట్లా ‘థింగ్’ అనే. చైనా భాష నేర్చుకుందామని పుస్తకం తెరిచినవాళ్లకు మొదటి వారంలోనే తగిలే చిక్కు ఇది: ఏ అక్షరాలు దిద్దాలి, సంప్రదాయ లిపా, సరళ లిపా?

ఒకప్పుడు మనకు పట్టని ప్రశ్న ఇది. ఇప్పుడు పడుతోంది. చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు ఆసుపత్రి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లాలంటే సాధారణంగా హెచ్‌ఎస్‌కే, అంటే చైనా భాష ఎంత వచ్చో కొలిచే పరీక్ష, నాలుగో స్థాయి అడుగుతారు. ఆ పరీక్ష సరళ లిపిలో ఉంటుంది. ఇటు శ్రీసిటీలో, కొంగరకలాన్‌లో కాలుపెట్టిన ఫాక్స్‌కాన్, తడ దగ్గర బూట్లు తయారుచేసే అపాచీ తైవాన్ మూలాలున్న కంపెనీలు. తైవాన్ నుంచి వచ్చే ఉద్యోగులు చిన్నప్పటి నుంచి దిద్దింది సంప్రదాయ లిపి.

కమ్యూనిస్టులు అక్షరాలను నరికేశారు, తైవాన్ కాపాడింది. ఎక్కువగా వినపడే కథ ఇదే. ఇందులో సగమే నిజం. మిగతా సగం చైనాలో కమ్యూనిస్టు పార్టీ పుట్టకముందే మొదలైంది.

చైనా అక్షరాలు ఎప్పుడూ ఒకే రూపంలో లేవు. పరీక్ష పత్రాల్లో, దర్బారుకు పంపే విన్నపాల్లో ఒక రూపం ఉండేది. అంగడి పద్దుల్లో, చవక కథల పుస్తకాల్లో ఇంకోటి. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువులో 9,353 అక్షరాలుంటే, 1716లో కాంగ్‌షీ చక్రవర్తి హయాంలో పూర్తయిన నిఘంటువులో అవి 47 వేలు దాటాయి. వాటిలో ఒకే అక్షరానికి ఉన్న రకరకాల రూపాలు కొల్లలు. ఇవాళ సరళ లిపిలో కనపడే ‘పుస్తకం’, ‘తూర్పు’, ‘బండి’ గొలుసుకట్టు రాత నుంచి దిగివచ్చినవే. ‘మబ్బు’ సంగతి మరీ తమాషా. అందులో సరళ రూపమే అసలు పాతది. మొదట్లో మబ్బు బొమ్మ ఒక్కటే ఉండేది. ఆ అక్షరాన్ని ‘చెప్పడం’ అనే అర్థానికి అరువు తీసుకున్నాక తికమక రాకుండా నెత్తిన ‘వాన’ చేర్చారు. 1950ల్లో ఆ వానను మళ్లీ తీసేశారు. సంప్రదాయం అంటే పాతది, సరళం అంటే కొత్తది అనుకుంటే ఇలాంటి చోట బోల్తా పడతాం.

1909లో, చక్రవర్తి ఇంకా గద్దె మీద ఉండగానే, లుఫెయ్ కుయ్ అనే సంపాదకుడు జనం వాడుకలో ఉన్న ఈ పొట్టి రూపాలనే బడిలో చెప్పాలని ఒక విద్యా పత్రికలో రాశాడు. పదేళ్లు తిరిగేసరికి, విద్యార్థులు నడిపిన 1919 మే 4 ఉద్యమం నాటికి, గొంతులు మరింత పెరిగాయి. యుద్ధాల్లో ఓడి, అప్పుల్లో కూరుకుపోయి, జనంలో అత్యధికులు చదువు రానివాళ్లయిన దేశం ఎందుకిలా అయిందని వెతికిన మేధావులకు అక్షరాలే దోషుల్లా కనపడ్డాయి. భాషా పండితుడు ఛియెన్ షువాన్‌తుంగ్ అయితే 1918లో చైనా అక్షరాలను మొత్తంగా రద్దు చేయాలన్నాడు. 1922లో కాస్త దిగివచ్చి, ముందు గీతలైనా తగ్గిద్దామని ప్రతిపాదించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే గిడుగు రామమూర్తి మన దగ్గర గ్రాంథికంతో తలపడుతున్నారు. ఆయన పోరు రాసే భాష మీద. వీళ్లు ఆ పని చేస్తూనే లిపి మీద కూడా చెయ్యి వేశారు.

1930లో లియు ఫు, లి జియారుయ్ అనే ఇద్దరు పండితులు సాంగ్, యువాన్ రాజవంశాల కాలం నుంచి అచ్చు పుస్తకాల్లో దొరికే వాడుక రూపాలన్నీ ఏరి జాబితా వేశారు. చెలామణిలో ఉన్న సరుకే చాలా ఉందని దానితో తేలింది. 1935 ఆగస్టులో విద్యాశాఖ 324 సరళ అక్షరాలతో అధికారిక పట్టిక విడుదల చేసింది. ఏ ప్రభుత్వపు విద్యాశాఖ? చాంగ్ కై షేక్ నడిపిన కొమింటాంగ్ ప్రభుత్వానిది. తర్వాతి కాలంలో తైవాన్‌కు తరలి, సంప్రదాయ లిపికి కాపలాదారుగా పేరు తెచ్చుకున్నది ఆ ప్రభుత్వమే. పట్టిక మాత్రం ఆరు నెలలు నిలవలేదు. దాయ్ జీతావ్ లాంటి పార్టీ పెద్దలు అడ్డుపడటంతో 1936 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకున్నారు.

కమ్యూనిస్టుల చూపు అప్పటికి ఇంకా దూరంగా ఉంది. వాళ్లకు కావలసింది సరళ లిపి కాదు, రోమన్ లిపి. సోవియట్ యూనియన్‌లోని చైనా కార్మికుల కోసం తయారైన లాటిన్ అక్షరమాలను 1931లో వ్లాడివోస్టోక్ సభలో ఆమోదించారు. 1940ల్లో యానాన్ చుట్టుపక్కల తమ చేతిలో ఉన్న ప్రాంతంలో దానికి చట్టబద్ధత కూడా ఇచ్చారు. అధికారంలోకి వచ్చాక 1951లో మావో చెప్పిందీ అదే: లిపిని సంస్కరించాలి, ప్రపంచమంతా నడుస్తున్న ధ్వని లిపి దారిలోకి తేవాలి. అక్షరాలను సరళం చేయడం ఆ ప్రయాణంలో ఒక మజిలీ మాత్రమే. నా దృష్టిలో ఈ మొత్తం కథకు తాళంచెవి ఇక్కడుంది. ఇవాళ చైనా ప్రభుత్వ ముద్రతో చెలామణి అవుతున్న సరళ లిపి శాశ్వతంగా ఉండటానికి తయారైనది కాదు. కొన్నాళ్లు పనికొచ్చి పక్కకు తప్పుకోవలసిన ఏర్పాటు అది.

1956 జనవరి 28న చైనా ప్రభుత్వం సరళీకరణ పథకాన్ని ఆమోదించింది. 515 సరళ అక్షరాలు, అక్షరాల్లో భాగాలుగా వచ్చే 54 సరళ అవయవాలు. జనం రాస్తున్న రూపాలనే ఏరాలి, వీలైనంత వరకు కొత్తవి పుట్టించకూడదు అన్నది కమిటీ నియమం. 1964లో పూర్తి జాబితా వచ్చేసరికి లెక్క 2,236కు చేరింది. మధ్యలో 1958 ఫిబ్రవరిలో పిన్‌యిన్ వచ్చింది, అంటే చైనా ఉచ్చారణను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి. దాని రూపకల్పనలో ముఖ్యుడు జౌ యూగ్వాంగ్ అసలు ఆర్థికవేత్త. న్యూయార్క్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి 1949లో స్వదేశానికి తిరిగొచ్చాడు. భాషాశాస్త్రం అప్పటిదాకా ఆయనకు సరదా మాత్రమే. 1955లో ఆ సరదాయే ఆయన్ను బీజింగ్‌కు రప్పించింది. 1966లో మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవంలో పల్లెకు తరిమినా బతికి బయటపడి, 111 ఏళ్లు నిండాక 2017లో కన్నుమూశాడు.

చెన్ మెంగ్‌జియాకు ఆ అదృష్టం లేదు. కవి, తాబేటి చిప్పల మీద, ఎముకల మీద చెక్కిన మూడు వేల ఏళ్ల నాటి రాతలను చదవగల పండితుడు. 1957లో, విమర్శలు స్వేచ్ఛగా చెప్పండి అని పార్టీ పిలిచిన ఆ కొద్ది నెలల్లో, అక్షరాల విషయంలో తొందర వద్దని పత్రికల్లో రాశాడు. వెంటనే మితవాది, అంటే పార్టీకి శత్రువు, అనే ముద్ర పడింది. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలైన కొద్ది నెలలకే అవమానాలు భరించలేక ఆత్మహత్య చేసుకున్నాడు. గీతల సంఖ్య మీద అభిప్రాయం కూడా రాజద్రోహం అయిన కాలం అది.

సముద్రానికి అటు పక్కనా అదే బిగింపు. తైవాన్‌లో 1954లో కొమింటాంగ్ ప్రముఖుడు లువో జియాలున్ సరళ అక్షరాలు కావాలని గట్టిగా వాదించాడు. పార్లమెంటులో, పత్రికల్లో పెద్ద రగడే జరిగింది. రెండేళ్లకు బీజింగ్ పట్టిక వచ్చింది, అంతే, చర్చ ముగిసింది. శత్రువు చేసిన పనిని తానూ చేయడం కుదరదు కదా. 1966లో చైనాలో రెడ్ గార్డులు, అంటే మావో వెంట నడిచిన కుర్రకారు దళాలు, పాతవన్నీ పగలగొడుతుంటే తైవాన్ చైనా సంస్కృతి పునరుజ్జీవన ఉద్యమం మొదలుపెట్టింది. సంప్రదాయ లిపి జెండా అయిపోయింది. తమాషా ఏమిటంటే తైవాన్ జనం ఇవాళ్టికీ చేత్తో రాసేటప్పుడు ‘తైవాన్’ అన్న మాటలోని మొదటి అక్షరాన్నే కుదించి రాస్తారు.

సింగపూర్ 1969లో సొంత పట్టిక వేసుకుని 1976కల్లా బీజింగ్ దారికే వచ్చింది, మలేషియా కూడా వెనకాలే. హాంకాంగ్, మకావు సంప్రదాయ లిపితోనే ఉండిపోయాయి. జపాన్ 1946 నుంచి తన పద్ధతిలో తాను కుదించుకుంది. అందుకే ‘దేశం’ అనే అక్షరం టోక్యోలోనూ బీజింగ్‌లోనూ ఒకేలా ఉంటుంది, తైపీలో మారుతుంది.

బీజింగ్ ఇంకో అడుగు వేయబోయి జారింది కూడా. 1977 డిసెంబరులో 853 అక్షరాలతో రెండో పథకం ప్రకటించారు. ‘గుడ్డు’ అక్షరాన్ని తీసేసి అదే ధ్వని ఉన్న ‘తెల్లవారు’ను వాడమన్నారు. ‘భోజనం’ అక్షరంలో ఎడమ పై మూల తప్ప మిగతాది కోసేశారు. జనానికి ఏదేమిటో అర్థం కాలేదు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు కొన్ని నెలలకే వదిలేశాయి. 1986 జూన్‌లో అధికారికంగా రద్దు చేసి, మొదటి జాబితానే స్వల్ప మార్పులతో 2,235 అక్షరాలుగా స్థిరపరిచారు. రోమన్ లిపికి మారాలన్న లక్ష్యం కూడా ఆ ఏడాదే చప్పుడు లేకుండా పక్కకు వెళ్లింది. ప్రయాణం ఆగిపోయింది, మజిలీలోనే కాపురం పెట్టారు.

సరళీకరణ వల్లే చైనాకు చదువొచ్చిందా? 1949కి ముందు జనంలో దాదాపు 80 శాతం నిరక్షరాస్యులు. 2020 జనాభా లెక్కల్లో నిరక్షరాస్యత 2.67 శాతం. అయితే 22 గీతల ‘విను’తో కుస్తీ పడిన తైవాన్, హాంకాంగ్ పిల్లలకూ చదువు బాగానే వచ్చింది. ఊరూరా బడి, జీతం అందే పంతులు, పిల్లల్ని పొలం నుంచి బడికి పంపగలిగే ఇల్లు: చదువు తెచ్చింది ఇవి. గీతలు తగ్గడం కొంత సాయం చేసి ఉండొచ్చు, అంతే.

ఈ తగువులో అందమైన భాగం ఇంటర్నెట్ కవుల పోటీ. సంప్రదాయ పక్షం ఏకరువు పెట్టింది: ‘బంధువు’లో ‘చూపు’ పోయింది, ‘ప్రేమ’లో ‘హృదయం’ పోయింది, ‘ప్రసవం’లో ‘పుట్టుక’ పోయింది, ‘ఫ్యాక్టరీ’ ఖాళీ. సరళ పక్షం ఊరుకుంటుందా? ‘ప్రేమ’లో ‘స్నేహితుడు’ ఉన్నాడు చూడండి, ‘దేశం’లో ఆయుధం తీసి పచ్చమణి పెట్టాం, ‘పార్టీ’లో ‘నలుపు’ పోయింది అని తిప్పికొట్టింది. చదవడానికి బాగుంటుంది గానీ వాదనగా రెండూ తేలిపోతాయి. హృదయం లేని ‘ప్రేమ’ను ఏ కమిటీ కూర్చుని కనిపెట్టలేదు, శతాబ్దాల నాటి గొలుసుకట్టు రాతలోనే అది ఉంది.

ఇక అసలు నష్టం మాట. అది అందంలో కాదు, కలిపేయడంలో జరిగింది. ‘వెంట్రుక’, ‘వెలువడటం’ అనే రెండు వేర్వేరు అక్షరాలను ఒక్కటి చేశారు. ‘రాణి’, ‘తర్వాత’ ఒక్కటయ్యాయి. ‘ముఖం’, ‘నూడుల్స్’ ఒక్కటయ్యాయి. అందుకే సంప్రదాయ లిపి నుంచి సరళానికి మార్చడం సులువు, తిరుగు ప్రయాణమే కష్టం. పాతకాలపు హంగు కోసం సంప్రదాయ అక్షరాల్లో బోర్డు రాయించుకున్న చైనా క్షౌరశాలల మీద వెంట్రుకకు బదులు ‘వెలువడటం’ పడిన సందర్భాలు అక్కడ పాత జోకు. ‘ఎండిన’, ‘చేయడం’ కూడా ఇలాగే కలిశాయి. రెండోదానికి బూతు అర్థం కూడా ఉంది. సూపర్ మార్కెట్లలో ఎండు సరుకుల విభాగం మీద కంప్యూటర్ అనువాదం ఇంగ్లీషు బూతుమాట పెట్టి నవ్వులపాలు చేసింది అందుకే.

అన్నిటికంటే పెద్ద వింత కీబోర్డు చేసింది. అక్షరాలకు బదులుగా తెద్దామనుకున్న రోమన్ లిపే ఇప్పుడు వాటిని బతికిస్తోంది. ఫోనులో పిన్‌యిన్‌తో ‘థింగ్’ అని నాలుగు రోమన్ అక్షరాలు కొడితే 22 గీతలదైనా 7 గీతలదైనా ఒకే శ్రమతో వస్తుంది. గీతలు తగ్గించడానికి 1909 నుంచి చెప్పిన ముఖ్య కారణం చేతిరాత. ఆ చేతిరాతే తగ్గిపోతోంది. 2021లో చైనా విద్యాశాఖ విదేశీ అభ్యాసకుల కోసం ప్రకటించిన ప్రమాణాల్లో 3,000 అక్షరాలు గుర్తుపట్టాలి, వాటిలో 1,200 చేత్తో రాస్తే చాలు.

కాబట్టి నేర్చుకునేవాళ్లు భయపడినంత అగాధం లేదు. ‘మనిషి’, ‘కొండ’, ‘నీరు’ లాంటివి రెండు లిపుల్లోనూ ఒకటే. 2,235 సరళ అక్షరాల్లో విడిగా కుదించినవి 350. మరో 132 అక్షరాలు, 14 అవయవాలు మిగతావాటికి అచ్చులా పనిచేస్తాయి. గుర్రం 10 గీతల నుంచి 3కు దిగితే, గుర్రం భాగంగా ఉన్న ‘అమ్మ’ కూడా అలాగే దిగుతుంది. మిగిలిన 1,753 అలా వచ్చినవే. అంటే రెండో లిపి అంటే రెండో భాష కాదు, ఓ ఐదువందల మార్పులు.

చైనాలో చదువు, హెచ్‌ఎస్‌కే, వ్యాపారం అయితే మరో ఆలోచన లేకుండా సరళంతో మొదలుపెట్టొచ్చు. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది అవసరం ఇదే. తైపీలో చదువో, తైవాన్ కంపెనీలో దుబాసీ పనో అయితే సంప్రదాయం. రెండూ ఒకేసారి దిద్దవద్దు. ఒకదానిలో వెయ్యి అక్షరాలు కుదిరాక రెండోదాన్ని చదవడం మాత్రం అలవాటు చేసుకుంటే సరిపోతుంది. బౌద్ధం మీద పనిచేసేవాళ్లకు మాత్రం వెసులుబాటు లేదు. నాగార్జునుడి పేరిట ఉన్న ప్రజ్ఞాపారమితా వ్యాఖ్యానం సంస్కృతంలో దొరకదు, అయిదో శతాబ్ది ఆరంభంలో కుమారజీవుడు చేసిన చైనా అనువాదంలోనే మిగిలింది. పరిశోధకులు వాడే త్రిపిటకం 1924-34 మధ్య టోక్యోలో సంప్రదాయ అక్షరాల్లో అచ్చయింది. ధాన్యకటకం గురించి హ్యుయాన్‌త్సాంగ్ రాసింది అసలు రూపంలో చదవాలన్నా ఆ అక్షరాలే రావాలి.