చెట్టు లెక్క తప్పిన చోటు

ఆంధ్ర, ఒడిశాల సరిహద్దులో వంశధార మీద కట్టదలచిన నేరడి బ్యారేజీ మాట మళ్లీ లేచింది. ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్, పర్లాకిమిడి వైపు తెలుగు ఊళ్లలో నీటి వాటా కంటే ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: భూమి తీసుకుంటే దాని మీది చెట్టుకు ఎంత కడతారు? వంశధార తగాదా పూర్వకథ ఇక్కడ తిరగేయనక్కరలేదు. 2017లో వంశధార జల వివాదాల ట్రిబ్యునల్ బ్యారేజీకి అనుమతి ఇచ్చింది. ఒడిశా వైపు సేకరించవలసిన భూమి 106 ఎకరాలు. 2021 నవంబరులో ఆంధ్ర, ఒడిశా ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని దీని గురించి మాట్లాడుకున్నారు. ఎకరాల సంఖ్య అందరికీ కంఠతా వచ్చు. చెట్టు ధర మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ చిక్కుకు మూలం నదిలో లేదు, 1995 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పును చదివిన తీరులో ఉంది. అది హరియాణా ప్రభుత్వానికీ గురుచరణ్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసు. తోట రాబడిని బట్టి భూమికి ధర కట్టాక చెట్లకు మళ్లీ వేరే ధర కట్టకూడదని, అలా చేస్తే ఒకే ఆస్తికి రెండుసార్లు చెల్లించినట్లవుతుందని కోర్టు చెప్పింది. చెట్ల రాబడి మీద లెక్కించేటప్పుడు ఏడాది ఆదాయాన్ని ఎనిమిదితో హెచ్చవేయడం తగునని కూడా అంది. న్యాయమైన మాటే. అయితే ఫైలు నుంచి ఫైలుకు పాకేసరికి ‘రాబడిని బట్టి’ అన్న షరతు జారిపోయి, ‘చెట్లకు వేరుగా ఇవ్వకూడదు’ అన్న ముక్క ఒక్కటే మిగిలింది.

మన మెట్ట భూముల్లో ధర కట్టేది రాబడిని బట్టి కాదు. చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకపు దస్తావేజులు తీస్తారు. అవి చాలావరకు ఖాళీ భూములవి. ముప్పై ఏళ్ల జీడితోటకు బీడు ధర కట్టి, పైన చెట్లకు వేరుగా ఏమీ రాదంటే రైతు నష్టపోయింది రెండుసార్లు. 2011లో మహారాష్ట్ర నుంచి వచ్చిన అంబ్యా కాల్యా మ్హాత్రే కేసులో సుప్రీంకోర్టే ఈ ముడి విప్పింది. ఖాళీ భూమి అమ్మకాలను చూసి ధర కడితే చెట్లకు వేరుగా కట్టి తీరాలి. తోటల అమ్మకాలను చూసినా, రాబడిని హెచ్చవేసినా అక్కరలేదు. ఇంత సూటిగా చెప్పిన మాట తోట గట్టు దాకా రాలేదన్నదే నా బాధ.

2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం ఉద్యాన నిపుణుల సాయం తీసుకునే వీలు కలెక్టరుకు ఇచ్చింది. చెట్లతో కలిపి తేలిన పరిహారం మీద నూరు శాతం సొలేషియం, అంటే భూమిని బలవంతాన తీసుకున్నందుకు పైన ఇచ్చే మొత్తం, కూడా ఉంది. ఖర్చులు పోను ఏడాదికి 2,000 రూపాయలు మిగిల్చే చెట్టుందనుకుందాం. ఎనిమిదేళ్లకు 16,000, సొలేషియంతో 32,000. చెట్టును లెక్కలోంచి తీసేస్తే పోయేది అంత.

జీడిచెట్టు దగ్గరకు వెళ్లి చూడండి. కొమ్మలు నేలను ఊడుస్తుంటాయి. సర్వేకు వచ్చే అమీను, అంటే కొలతల ఉద్యోగి, వంగి కిందికి దూరి, మానుకు టేపు చుట్టి, రంగుతో నంబరు వేస్తాడు. వానాకాలంలో వస్తే చెట్టు మీద పువ్వూ ఉండదు, పిక్కా ఉండదు. పలాసలో 80 కిలోల బస్తా లెక్కన అమ్మిన సరుకుకు రైతు చేతిలో మిగిలేది చాలాసార్లు చిత్తు కాగితం మీద వేసిన లెక్కే. పనసకు ఆ కాగితమూ ఉండదు. కాయలు సగం ఇంటికి, సగం చుట్టాలకు. ఇక తరాల తరబడి కాసే చింతకు ఎనిమిదేళ్ల హెచ్చవేత ఏ మూలకు?

తిత్లీని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2018 అక్టోబరు 11న ఆ తుఫాను గజపతి జిల్లా తోటల్ని నేలకూల్చింది. అప్పటి విపత్తు సాయం నిబంధనల్లో బహువార్షిక పంటలకు హెక్టారుకు 18,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఆ తరువాత నాటిన అంట్లు ఇప్పుడిప్పుడే నిండుగా కాపుకు వస్తున్నాయి. ఈ ఏడాది కాపునే కొలమానంగా పెట్టుకుంటే, తుఫానుకు ఓడి మళ్లీ నాటిన మనిషే సర్వేలోనూ ఓడిపోతాడు.

నోటిఫికేషను వాసన తగలగానే పరిహారం కోసం రాత్రికి రాత్రి మొక్కలు పాతుతారని అధికారుల వాదన. అలాంటివి జరగవని అనను. కానీ నిన్నటి మొక్కకూ పాతికేళ్ల మానుకూ తేడా టేపే చెబుతుంది.

డబ్బు చేతికి వచ్చే రోజు రైతు ఒక పని చేయాలి. సంతకం పక్కన ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయాలి. అది రాయకుండా తీసుకుంటే ధర చాలదని తరువాత అడిగే హక్కు చట్టం ప్రకారం పోతుంది. కలెక్టరు అవార్డు, అంటే పరిహారం తేల్చిన ఉత్తర్వు, ప్రకటించేటప్పుడు ఎదుట ఉన్నవారికి దానిమీద దరఖాస్తు పెట్టుకోవడానికి ఉన్న గడువు ఆరు వారాలు.