వెనకాల తెల్ల డబ్బా ఎందుకొస్తుంది? బ్యాక్‌గ్రౌండ్ తీసిన బొమ్మలపై అపోహలు - వాస్తవాలు

ఫొటోషాప్‌లో గంటసేపు కూర్చుని జుట్టు పోగులతో సహా కట్ చేసిన ఫొటో, కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి తెల్ల డబ్బాలో ప్రత్యక్షమవుతుంది. ఫ్లెక్స్ షాపుల్లో, పెళ్లికార్డుల డిజైనింగ్ సెంటర్లలో ఇది రోజూ ఉండే గొడవే. కటింగ్ సరిగా రాలేదేమోనని మళ్లీ మొదలుపెడతారు. లోపం చాలాసార్లు బొమ్మలో కాదు, అది వచ్చిన దారిలో ఉంటుంది.

బ్యాక్‌గ్రౌండ్ తీసిన బొమ్మలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో పాటు ప్రతి పిక్సెల్‌కూ (బొమ్మలోని ఒక్కో చుక్కకూ) నాలుగో అంకె ఒకటి ఉంటుంది. దాని పేరు ఆల్ఫా. 0 అయితే పిక్సెల్ అసలు కనపడదు, 255 అయితే నిండుగా కనపడుతుంది. కొన్ని దారులు ఈ నాలుగో అంకెను మోసుకొస్తాయి, కొన్ని మధ్యలోనే వదిలేస్తాయి.

అపోహ: కాపీ కొట్టి పేస్ట్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఒకే సాఫ్ట్‌వేర్ లోపలైతే సరిపోతుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే విండోస్ క్లిప్‌బోర్డ్ మీదుగా పోవాలి. అక్కడ మామూలు బిట్‌మ్యాప్ రూపంలో వెళ్లే బొమ్మకు ఆల్ఫా నిలుస్తుందన్న భరోసా లేదు. అది పోయిన చోట తెలుపో నలుపో నిండుతుంది. అందుకే ఫైల్‌గా సేవ్ చేసి, కోరల్‌లో కంట్రోల్ ఐ నొక్కి ఇంపోర్ట్ చేయండి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే కంట్రోల్ డీ.

ఫొటోషాప్ సొంత ఫైలైన పీఎస్‌డీని నేరుగా ఇంపోర్ట్ చేసే ముందు రెండు పనులున్నాయి. అడుగున తాళం గుర్తుతో ఉన్న బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌ను (పొరను) డిలీట్ చేయాలి, ఎందుకంటే ఆ లేయర్‌లో పారదర్శకత ఉండదు. తర్వాత నీడలు, రంగులు సవరించే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు ఉంటే ఒక కాపీ ఫైల్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఈ కొట్టి అన్నిటినీ ఒకే లేయర్‌గా కలపాలి. ఫొటోషాప్ ఎఫెక్టులన్నీ కోరల్‌కు అర్థం కావు.

అపోహ: జేపెగ్ పేరు చివర పీఎన్‌జీ అని మార్చితే బ్యాక్‌గ్రౌండ్ పోతుంది.

వాస్తవం: సీసా మీద లేబుల్ మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు. అనుమానముంటే ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అసలు పీఎన్‌జీ అయితే మొదటి వరుసలోనే ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. పీఎన్‌జీ ఆల్ఫాను దాచుకోగలదు, జేపెగ్‌కు ఆల్ఫా అనేదే లేదు.

అపోహ: గళ్ల గళ్లుగా కనిపిస్తే అది పారదర్శక బొమ్మే.

వాస్తవం: నెట్‌లో దొరికే వాటిలో చాలావాటికి ఆ బూడిద గళ్లు బొమ్మలోనే గీసి ఉంటాయి. కింద ఒక ఎర్ర లేయర్ వేసి చూడండి. గళ్ల చోట ఎరుపు కనిపిస్తే అసలుది.

అపోహ: పీఎన్‌జీ అయ్యాక అంచులు ఎక్కడ పెట్టినా శుభ్రంగానే ఉంటాయి.

వాస్తవం: జుట్టు చుట్టూ వచ్చే తెల్లటి గీత ఇక్కడే పుడుతుంది. తెల్ల గోడ ముందు నల్ల జుట్టు ఉందనుకోండి. అంచు దగ్గర ఒక పిక్సెల్‌లో సగం జుట్టు, సగం గోడ. 0 నలుపు, 255 తెలుపు లెక్కలో కెమెరా దాన్ని 128 దగ్గర బూడిద రంగుగా రాసుకుందనుకోండి. మీరు కట్ చేసినప్పుడు ఆల్ఫా సగానికి దిగింది గానీ, రంగు మాత్రం బూడిదగానే మిగిలింది. అంటే గోడ తెలుపు ఇంకా అందులోనే ఉంది. దీన్ని ఎరుపు 100, ఆకుపచ్చ 0, నీలం 20 ఉన్న మెరూన్ మీద పెడితే ఆ అంచు దాదాపు 114, 64, 74 అవుతుంది. నిజానికి రావాల్సింది 50, 0, 10. ముదురుగా ఉండాల్సిన చోట లేత మసక వచ్చిందన్నమాట. తెల్ల కాగితం మీద ఇది కంటికి ఆనదు, మెరూన్ కార్డు మీద మాత్రం దాగదు.

మందు ఫొటోషాప్‌లోనే ఉంది. లేయర్‌కు ఒక కాపీ తీసి, మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని దాచేది) ఉంటే అప్లై చేసి, లేయర్ మెనూలో చివర ఉండే మ్యాటింగ్‌కు వెళ్లండి. పూర్తి తెలుపు మీది నుంచి కోసినదైతే రిమూవ్ వైట్ మ్యాట్, నలుపు మీదిదైతే రిమూవ్ బ్లాక్ మ్యాట్. రంగుల గోడైతే, అంచు రంగు బదులు లోపలి రంగు నింపే డిఫ్రింజ్‌లో 1 పిక్సెల్, మహా అయితే 2. అంతకు మించితే జుట్టు మైనం ముద్దలా తయారవుతుంది. ఫెదర్ (అంచును మసకబరచడం) పెంచితే గీత పోతుందని కొందరంటారు. పోదు, ఇంకాస్త వెడల్పవుతుంది.

అపోహ: కిరణాలు, మంటలు, మెరుపులు కూడా పీఎన్‌జీలో అలాగే వస్తాయి.

వాస్తవం: ఆ ఎఫెక్టులు తరచుగా నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీది బొమ్మలే, స్క్రీన్ అనే బ్లెండ్ మోడ్‌లో (పై లేయర్ రంగు కింది రంగుతో కలిసే పద్ధతి) పెట్టడం వల్ల నలుపు కనపడదు. పీఎన్‌జీలో బ్లెండ్ మోడ్‌కు చోటు లేదు, అందుకే ఆ లేయర్‌ను విడిగా ఎక్స్‌పోర్ట్ చేస్తే నల్ల డబ్బా వస్తుంది. వెళ్లిన చోట మళ్లీ మోడ్ మార్చాలి: ఇన్‌డిజైన్‌లో ఎఫెక్ట్స్ ప్యానెల్, కోరల్‌లో ట్రాన్స్‌పరెన్సీ టూల్‌లోని మర్జ్ మోడ్. కింది రంగును ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో ఉన్న నల్ల నీడకు ఈ బాధ లేదు, మామూలు మోడ్‌లోనూ అది అలాగే కనిపిస్తుంది.

అపోహ: ప్రింటింగ్‌కు పీఎన్‌జీయే మేలు.

వాస్తవం: ఫ్లెక్స్‌కు ఇబ్బంది లేదు. ఆఫ్‌సెట్‌కు పనికిరాదు, ఎందుకంటే అచ్చుకు వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి, అంటే సీఎంవైకే, పీఎన్‌జీలో లేదు. నాలుగు రంగుల పనికి పీఎస్‌డీ పంపండి. ఇన్‌డిజైన్‌కైతే టిఫ్ అనే ఫైల్ రకం కూడా బాగుంటుంది, సేవ్ చేసేటప్పుడు సేవ్ ట్రాన్స్‌పరెన్సీ దగ్గర టిక్ పెట్టాలి.

సైజు గురించి కూడా ఓ మాట. ఫొటోషాప్‌లోని సేవ్ ఫర్ వెబ్‌లో తీసిన పీఎన్‌జీ రిజల్యూషన్ వివరాన్ని వదిలేస్తుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 4 అంగుళాలున్న 1200 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ, 72 లెక్కన 16.67 అంగుళాలై పేజీ బయటికి పోతుంది. పిక్సెళ్లు ఎక్కడికీ పోలేదు, తిరిగి 4 అంగుళాలకు కుదించండి. అక్కడే పీఎన్‌జీ-8 కూడా ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. ఫొటోషాప్ దానిలో పిక్సెల్‌ను ఉంచుతుంది లేదా తీసేస్తుంది, మధ్యస్థం లేదు. అంచులు రంపంపళ్లలా వస్తాయి.

అపోహ: కోరల్‌లోకి సరిగ్గా వచ్చాక ఇక భయం లేదు.

వాస్తవం: బొమ్మను పిక్సెళ్లుగా మార్చే కన్వర్ట్ టు బిట్‌మ్యాప్ పెట్టెలో ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్ టిక్ తీసి ఉంటే తెల్ల డబ్బా మళ్లీ వస్తుంది. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడూ ట్రాన్స్‌పరెన్సీ టిక్ చూసుకోవాలి. అంతా అయ్యాక వాట్సాప్‌లో ఫొటోగా పంపితే జేపెగ్ అయిపోతుంది, డాక్యుమెంట్‌గానే పంపండి.

అపోహ: పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో బ్యాక్‌గ్రౌండ్ లేని బొమ్మ పెట్టలేం.

వాస్తవం: పెట్టొచ్చు, కాకపోతే పద్ధతి పాతది. చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఆల్ఫా సంగతి దానికి తెలియదు. ఫొటోషాప్‌లో పెన్ టూల్‌తో అంచుకు ఒకటి రెండు పిక్సెళ్లు లోపలగా పాత్ గీయండి. పాత్స్ ప్యానెల్‌లో దానికి పేరు పెట్టి, క్లిప్పింగ్ పాత్ (గీత బయటి భాగాన్ని దాచేది) ఎంచుకుని, ఫ్లాట్‌నెస్ గడి ఖాళీగా వదిలి ఈపీఎస్ ఫైల్‌గా సేవ్ చేయండి. ప్రివ్యూ 8 బిట్ టిఫ్ పెట్టుకుంటే బూడిద డబ్బాకు బదులు బొమ్మ కనిపిస్తుంది. అంచు కత్తిరించినట్టు గట్టిగా ఉంటుంది, జుట్టుకు పనికిరాదు. పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రింటింగ్‌కు వాడే పేజీ భాష) తెలియని మామూలు ప్రింటర్‌లో ఆ మసక ప్రివ్యూనే అచ్చవుతుంది, అందుకని పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్ తీసి అక్రోబాట్ డిస్టిలర్‌తో పీడీఎఫ్ చేసి ప్రింట్ ఇవ్వండి.