అపోహలు - వాస్తవాలు: బిజినెస్ కోచ్ వస్తే సేల్స్ పెరిగిపోతాయా?

"మేడం, మీరొస్తే సేల్స్ ఎంత పెరుగుతాయి?"

ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపేవారైనా, ఎంవీపీ కాలనీలో క్యాటరింగ్ చేసే అమ్మాయైనా, ద్వారకానగర్‌లో ప్రింటింగ్ ప్రెస్ ఉన్న పెద్దాయనైనా నన్ను మొదట అడిగేది ఇదే. దాని వెనకున్న టెన్షన్ నాకు తెలుసు. జీతాల తేదీ దగ్గరపడుతుంది, ఖాతాలో డబ్బు ఉండదు, కాబట్టి ఇంకా అమ్మాలనిపిస్తుంది. విశాఖలో చిన్న వ్యాపారాలతో పనిచేసే కోచ్‌గా నేను చూసినంతవరకు, మంచి పనితనం ఉన్నవాళ్లను కూడా ముంచుతున్న ఆలోచన ఇదే. అందుకే ఎక్కువగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: సేల్స్ పెరిగితే డబ్బు కష్టాలు తీరతాయి. కోచ్ పని సేల్స్ పెంచడమే.

వాస్తవం: అరువు మీద నడిచే వ్యాపారంలో సేల్స్ పెరిగితే ముందు పెరిగేది డబ్బు కష్టమే. లెక్క వేసి చూపిస్తాను.

నెలకు 10 లక్షల బిల్లు చేసే యూనిట్ ఉందనుకోండి. ఇనుము 6 లక్షలు, లేబర్ 2 లక్షలు, కరెంటు, అద్దె, రవాణా కలిపి ఇంకో లక్ష. లాభం లక్ష. ఇనుము నగదుకే కొంటారు. కస్టమర్ 90 రోజులకు ఇస్తాడు. 18 శాతం జీఎస్టీ మాత్రం ఆ 90 రోజులు ఆగదు. మీ బిల్లు డబ్బు వచ్చినా రాకపోయినా, మరుసటి నెల 20వ తేదీకి 3బీలో, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్‌లో, కట్టాల్సిందే.

ఇప్పుడు ఆర్డర్లు రెట్టింపయ్యాయి. ఇంట్లో అందరికీ సంతోషం. కానీ ఆ కొత్త ఆర్డర్ల మీద మొదటి రూపాయి చేతికి వచ్చేలోపు మూడు నెలల ఖర్చు మీరే పెట్టాలి. ఇనుము, లేబర్, మిగతావి కలిపితే 27 లక్షలు. ఇనుము మీద కట్టే జీఎస్టీ, బిల్లు మీద కట్టే జీఎస్టీ కలిస్తే 30 లక్షలు దాటుతుంది. ఇదంతా ఎందుకు? నెలకు అదనంగా లక్ష లాభం కోసం. ఆ 30 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 60 వేలు వడ్డీకే పోతుంది. మూడు రూపాయలైతే 90 వేలు. కస్టమర్ ఇంకో నెల ఆలస్యం చేశాడా, సొంత డబ్బు పెట్టి అతని పని చేసిపెట్టినట్టే.

ఈ లెక్కను కాగితం మీద చూసి మౌనంగా కూర్చుండిపోయిన యజమానులు నాకు చాలామంది తెలుసు. వాళ్లు చదువు లేనివాళ్లేమీ కాదు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో అన్నీ ఉంటాయి, ఆడిటర్ గారు ఏడాదికోసారి లాభం ఎంతో చెబుతారు. లాభం కాగితం మీద కనిపిస్తుంది, డబ్బు వేరేవాళ్ల దగ్గర ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వారం వారం చూసేవాళ్లే ఉండరు. కోచ్‌తో మొదట జరగాల్సింది ఆ పనే.

ఆటోనగర్‌లో ఒక భార్యాభర్తల యూనిట్ సంగతి చెబుతాను. పని వంక పెట్టడానికి లేదు. ఆర్డర్లు పెరిగాయి, దాంతో ఆవిడ బంగారం బ్యాంకుకు వెళ్లింది, తర్వాత బయట వడ్డీలు మొదలయ్యాయి. నా దగ్గరకు వచ్చినప్పుడు ఆయన అడిగింది ఇంకో పెద్ద కంపెనీలో వెండర్‌గా ఎలా చేరాలని. ముందు రావాల్సిన బాకీల లిస్టు తీద్దామన్నాను. 30 రోజుల్లోపువి, 60 దాటినవి, 90 దాటినవి విడివిడిగా రాశాం. పాత బిల్లుల్లో కొన్ని కస్టమర్ ఇవ్వకపోవడం వల్ల ఆగినవి కావు. ఒకదానిలో పర్చేజ్ ఆర్డర్ నంబరు తప్పు, ఒకటి స్టోర్స్‌లో సరుకు అందినట్టు రాసే జీఆర్ఎన్ పడక అక్కడే ఉండిపోయింది, ఇంకోదానికి టెస్ట్ సర్టిఫికెట్ జతచేయలేదు. ఎవరూ వెళ్లి అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

"అడిగితే ఆర్డర్ ఆపేస్తారు మేడం, ఏటి చేయమంటారు?" అన్నారాయన. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒకరిద్దరు కస్టమర్ల మీదే బతికే యూనిట్‌కు అది నిజమైన భయం. అందుకే ఆ రోజు రిహార్సల్‌గా నేను కస్టమర్ కంపెనీ అకౌంట్స్ ఆఫీసర్‌లా నటించాను, ఆయన నాకు ఫోన్ చేశారు. మొదట సారీ చెబుతూ మొదలుపెట్టారు. మళ్లీ చేశారు. మళ్లీ. చివరికి బిల్లు నంబరు, తేదీ, మొత్తం చెప్పి, "ఏ రోజుకు వేస్తారు సార్?" అని అడిగి ఆగడం వచ్చింది. మరుసటి రోజు నిజం ఫోన్ కూడా అలాగే చేశారు. ఆర్డరేమీ పోలేదు. కొత్త ఆర్డర్లకు ఇనుము ఖర్చు మేరకు అడ్వాన్స్ అడగడం మొదలుపెట్టారు. ఒప్పుకోని ఒక కస్టమర్‌ను వదులుకున్నారు. ఆ ఏడాది టర్నోవర్ తగ్గింది, బయట వడ్డీలు తీరాయి, బంగారం ఇంటికి వచ్చింది.

చట్టం కూడా మీ వైపే ఉంది, అది తెలిసి మాట్లాడితే గొంతు మారుతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఉద్యం అనే ప్రభుత్వ నమోదున్న సూక్ష్మ, చిన్న యూనిట్‌కు, ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా, 45 రోజులకు మించి ఆపకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. పైగా మనవాళ్లంతా 43బీ హెచ్ అని చెప్పుకునే ఆదాయపన్ను నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడువు దాటిన బిల్లును మార్చి 31 లోపు కూడా చెల్లించకపోతే కొనుగోలుదారుడు ఆ ఏడాది దాన్ని ఖర్చుగా చూపించుకోలేడు. ఫిబ్రవరిలో ఫోన్ చేసి "మార్చిలోపు క్లియర్ చేస్తే మీ ఆడిట్‌కూ ఇబ్బంది ఉండదు సార్" అంటే గొడవ పడినట్టూ ఉండదు, పనీ అవుతుంది. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం, ఉద్యం ఉన్నా, ఈ 45 రోజుల రక్షణ వర్తించదు. వాళ్లు అరువు ఇచ్చేముందే జాగ్రత్తపడాలి.

ఇక్కడ మా నాన్నగారి మాట చెప్పకుండా ఉండలేను. పూర్ణామార్కెట్‌లో ఆయనకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. షట్టర్ దించాక గల్లాపెట్టె లెక్క చూసి, ఎర్ర అట్ట పుస్తకంలో ఎవరి బాకీ ఎంతో రాస్తే తప్ప భోజనానికి లేచేవారు కాదు. పాత బాకీ ఉన్నవాళ్లు వస్తే కసురుకునేవారు కాదు. "పాత చీటీ తీసేయండి బాబూ, కొత్త సరుకు ఇప్పుడే కట్టిస్తాను" అనేవారు, అందరి ముందూ, నవ్వుతూనే. నేను ఈ పనికి శిక్షణ తీసుకున్నప్పుడు నేర్చుకున్న పద్ధతులెన్నో ఉన్నాయి, కానీ అరువు విషయంలో నాకు ఇప్పటికీ ఆ వాక్యమే పాఠం.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

అపోహ: కోచ్ ద్వారా వెళ్తే ముద్ర లోన్ గ్యారంటీ.

ఇది వాట్సాప్‌లో తిరిగే పచ్చి అబద్ధం, దీనికి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లను చూసి కడుపు మండుతుంది. ముద్ర రుణం ఇచ్చేది బ్యాంకులు, రుణ సంస్థలు. దానికి ఏజెంట్లు లేరు. 20 లక్షల పరిమితి కూడా అందరికీ కాదు, ఇంతకుముందు ముద్రలోనే తరుణ్ అనే విభాగంలో తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్లకే. ప్రాసెసింగ్ అంటూ ముందు డబ్బు అడిగినవారికి ఒక్క రూపాయి ఇవ్వకండి. కాగితాల దగ్గర అయోమయంగా ఉంటే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి.

అపోహ: హోటల్ హాల్లో పెద్ద సెమినార్ పెట్టి 90 రోజుల్లో టర్నోవర్ డబుల్ చేస్తానన్నవారే గొప్ప కోచ్.

పైన వేసిన లెక్క మళ్లీ చూడండి, టర్నోవర్ డబుల్ అయితే ఏమవుతుందో. మన దేశంలో కోచ్ అని చెప్పుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు, కాబట్టి పరీక్షించుకోవాల్సింది మీరే. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే సర్టిఫికెట్లలో మొదటిదైన ఏసీసీకి కనీసం 100 గంటలు, తర్వాతిదైన పీసీసీకి 500 గంటలు కోచింగ్ చేసిన అనుభవం కావాలి. అది ఉంటే మంచిదే, అది ఒక్కటే చాలదు. ఫీజు, ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఏమిటి అన్నవి కాగితం మీద ఉండాలి. పాత క్లయింట్లలో ఒకరిద్దరితో మాట్లాడనివ్వని కోచ్ వద్దు.

అపోహ: బయటివాళ్లకు మన వ్యాపారం ఏం తెలుస్తుంది?

మీ వ్యాపారం మీకే తెలుసు, అందులో సందేహం లేదు. ముంబై చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో స్టాన్‌ఫర్డ్, ప్రపంచ బ్యాంకు పరిశోధకులు చేసిన ఒక అధ్యయనం 2013లో అచ్చయింది. కన్సల్టెంట్లను పంపి సరుకు లెక్క, నాణ్యత నమోదు, యంత్రాల మెయింటెనెన్స్ లాంటి మామూలు పద్ధతులు పెట్టిస్తే మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అది కన్సల్టింగ్, కోచింగ్ కాదు, మిల్లులూ మన షెడ్లకన్నా పెద్దవి. అయినా ఆ యజమానుల్లో చాలామంది ముందు అన్నది ఒకటే: మాకు ఇవి అక్కర్లేదు, లాభాల్లోనే ఉన్నాం కదా అని.

అపోహ: పూర్తిగా మునిగాక కోచ్ దగ్గరకు వెళ్లొచ్చు.

అప్పటికి ముందు కలవాల్సింది బ్యాంకు మేనేజర్‌ను, ఆడిటర్‌ను. కోచ్ తర్వాత.

అపోహ: ఫీజు కోసం అప్పు చేసినా పర్లేదు, తిరిగి వచ్చేస్తుంది.

వద్దు. దయచేసి వద్దు. ఫీజు భారమనిపిస్తే ఒక పని మీరే చేసుకోండి. వచ్చే 13 వారాలకు గళ్లు గీసి, ఏ వారం ఎవరి నుంచి ఎంత వస్తుందో, ఏ వారం ఏం కట్టాలో రాయండి. 7న టీడీఎస్, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీ, జీతాలు, ఈఎంఐలు. ప్రతి సోమవారం సరిచూడండి, ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని. ఇది నిజాయితీగా నడిపితే నాలాంటివాళ్ల అవసరం సగం తీరిపోతుంది.

ఇక కోచ్‌ను కలవాలనే నిర్ణయించుకుంటే, మొదటి రోజు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, తేదీలతో సహా బాకీల లిస్టు, చివరి మూడు 3బీలు, బయట తెచ్చిన చేబదుళ్లు, వడ్డీల వివరాలు తీసుకెళ్లండి. చేబదుళ్లు సిగ్గుపడి దాచకండి, అసలు లెక్క అక్కడే ఉంటుంది. బ్రోచర్, కొత్త లోగో తర్వాత చూసుకోవచ్చు.